ఉమ్మడి కోడు, వేరు కాపురం

ఒకే కోడును రెండుచోట్ల వ్రాయరాదని ప్రోగ్రామింగు నేర్చుకునే తొలినాళ్ళలోనే మనకు నూరిపోస్తారు. ఆ మాటను అక్షరాలా పాటించి నేనొకసారి చేతులు కాల్చుకున్నాను.

అది రూబీ ఆన్ రెయిల్స్‌లో వ్రాసిన బిల్లుల అప్లికేషను. ఖాతాదారులకొక కంట్రోలరు, సిబ్బందికొక కంట్రోలరు. బిల్లును వెదికి తెచ్చే మెథడు రెండింటిలోనూ ఉంది. చూపుకు రెండూ కవలలే. కానీ ఒకటి లాగిన్ అయిన ఖాతాదారు బిల్లులలో మాత్రమే వెదుకుతుంది, రెండవది అందరి బిల్లులలోనూ వెదుకుతుంది. ఆ తేడాను గమనించక, సిబ్బంది మెథడునే మాడ్యూలుగా మార్చి రెండు కంట్రోలర్లలోనూ చేర్చాను. పంక్తులు తగ్గాయని మురిసిపోయాను కూడా! తీరా చూస్తే, పేజీ చిరునామాలోని అంకె మార్చిన ఏ ఖాతాదారైనా పొరుగువారి బిల్లును చూడగలడు. విడుదలకు ముందే ఒక సహోద్యోగి పట్టుకున్నారు కనుక పరువు దక్కింది.

రెయిల్స్‌లో కోడును పంచుకోవడానికి దారులకు కొదవ లేదు. కంట్రోలర్లన్నీ సాధారణంగా అప్లికేషన్‌కంట్రోలర్ నుండి వారసత్వం పొందుతాయి, కనుక అక్కడ వ్రాసినది అన్నింటికీ సంక్రమిస్తుంది. రూబీలో ఒక క్లాసుకు తల్లి ఒక్కతే. అందుచేత కొన్నింటికే కావలసినదాన్ని మాడ్యూలుగా వ్రాసి చేర్చుకోవాలి. 2010లో వచ్చిన మూడవ వెర్షను ఇందుకు 'కన్సర్న్' అనే సదుపాయాన్ని ఇచ్చింది. 2013లో నాల్గవ వెర్షను దానికొక ప్రత్యేక ఫోల్డరునే కేటాయించింది. నా ఫిర్యాదు ఆ సదుపాయం మీద కాదు, ఆ ఫోల్డరును అటకలా వాడే మన అలవాటు మీద. బిఫోర్ యాక్షన్ ఒకటి మాడ్యూలులో దాగి ఉంటే, కంట్రోలరు తెరిచి చదివేవారికి అది కంటబడదు.

నా మటుకు నేను ఇప్పుడు ఒక్క ప్రశ్న వేసుకుంటాను: ఇక్కడ నియమం మారితే అక్కడా తప్పక మారాలా? లాగిన్ తనిఖీకి జవాబు 'ఔను', దాని చోటు తల్లి క్లాసు. జాబితాను పేజీలుగా విడగొట్టే పని కొన్నింటికే ఉమ్మడి, దానికి మాడ్యూలు చాలు. బిల్లు మొత్తాన్ని లెక్కగట్టే పని అసలు కంట్రోలరుదే కాదు, అది మోడలుకు చెందాలి. జవాబు 'కాదు' అయితే మాత్రం, ఎంత పోలిక ఉన్నా ఆ రెంటినీ వేరుగానే ఉండనిస్తాను.

రెండుచోట్ల ఉన్న కోడును రేపైనా కలుపుకోవచ్చు. కలిపినదాన్ని విడదీయాలంటే మాత్రం, దానిమీద ఎవరెవరు ఆధారపడ్డారో ముందు వెదకాలి. పోలిక వేరు, బంధుత్వం వేరు.