అమెరికా సుంకానికి మన పత్తి రైతు జరిమానా కట్టాలా?

2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. తిరుప్పూరులో చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలకు ఆర్డర్లు తగ్గాయి. అక్కడి కార్మికుల కష్టం అబద్ధమని నేననను. కానీ ఆ దెబ్బను ఎవరి మీదికి నెట్టారో చూడండి. అంతకు వారం ముందే, 19న, కేంద్రం దిగుమతి పత్తిపై ఉన్న 11 శాతం సుంకాన్ని ఎత్తేసింది. మొదట సెప్టెంబరు 30 వరకే అన్నారు. పది రోజులు తిరక్కుండానే డిసెంబరు 31 దాకా పొడిగించారు.

అక్టోబరు నుంచి డిసెంబరు అంటే మనకు మొదటి తీత, రెండో తీత. అప్పిచ్చినవాడు వాకిట్లో నిలబడే కాలం. చిన్న రైతు జనవరి దాకా ఆగగలడా?

పొడుగు పింజ పత్తి ఇక్కడ చాలినంత పండదని మిల్లులవాళ్లంటారు. నిజమే. కానీ 32 మిల్లీమీటర్లు దాటిన పింజకు 2024 ఫిబ్రవరిలోనే సుంకం తీసేశారు కదా! మరి ఈసారి తలుపులు తెరిచింది మనం పండించే రకానికే.

ఉద్యోగాలు కాపాడటానికే అంటున్నారు. మిల్లులో చేసేదే ఉద్యోగమా? 170 కిలోల దూది బేలు కావాలంటే సుమారు 5 క్వింటాళ్ల పత్తి ఏరాలి. ఒక ఆడమనిషి రోజుకు 40 కిలోలు ఏరితే పన్నెండు రోజులకు పైగా పని. విత్తు పెట్టడం, కలుపు తీయడం ఈ లెక్కలో లేవు. ధర పడిపోతే మూడో తీతకు ఏరుడు కూలి కూడా రాదని రైతు పత్తిని చేలోనే వదిలేస్తాడు, పశువులను తోలేస్తాడు. అలా పని పోయిన ఆడవాళ్ల సంఖ్య ఏ ఎగుమతి లెక్కల్లోనూ కనపడదు.

మద్దతు ధర ఉందిగా అంటారా? 2025-26 సీజనులో పొడవు పింజకు క్వింటాలుకు 8,110 రూపాయలు ప్రకటించారు, కాగితం మీద. తేమ 8 శాతం దాటితే సీసీఐ కోత పెడుతుంది, 12 దాటితే కొననే కొనదు. అక్టోబరు వానలకు తడిసిన తొలి తీత ఎటు పోవాలి? వ్యాపారి దగ్గరికే. అతను విదేశీ పత్తి ధర చూపించి బేరమాడతాడు.

మిల్లులకు సాయం కావాలంటే ఖజానా నుంచి ఇవ్వండి, మా ధరలోంచి కాదు. అక్టోబరు నుంచి మార్చి దాకా దిగుమతి సుంకం తీయకూడదు. దసరాకల్లా కొనుగోలు కేంద్రాలు తెరవాలి, తొలి తీతకు తేమ పరిమితి సడలించాలి. వచ్చే మండల సమావేశాల్లో ఈ డిమాండ్లపై తీర్మానాలు చేసి కలెక్టరుకు ఇద్దాం. పత్తి ఏరే కూలీలను కూడా వెంట తీసుకురండి.