తీర్మానం: కాచిగూడ స్టేషన్ కట్టడాన్నీ, అక్కడి రైళ్లనూ కలిపి కాపాడాలి

(రైలు ప్రయాణికుల సంఘం సర్వసభ్య సమావేశంలో ఆమోదించినది)

ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో 1916లో కట్టిన కాచిగూడ స్టేషన్ ఒకప్పుడు నిజాం రైల్వేకు కేంద్ర కార్యాలయం అయినందునను, నడుమ గుమ్మటం, ఇరువైపులా చిన్న గుమ్మటాలు, మినార్లతో నేటికీ ఆ కట్టడం ప్రయాణికులకు సేవలు అందిస్తున్నందునను;

కడప, తిరుపతి మీదుగా చిత్తూరు చేరే వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్, 2023 సెప్టెంబరు 24న ప్రారంభమైన యశ్వంతపూర్ వందే భారత్ ఇక్కడి నుంచే బయలుదేరుతున్నందునను, పాలమూరుకు, రాయలసీమకు ఈ స్టేషన్ హైదరాబాద్ గుమ్మం వంటిది అయినందునను;

పండగ వేళ పాలమూరు కూలీలు చంటిపిల్లలతో, బియ్యం సంచులతో జనరల్ పెట్టె తలుపు దగ్గరే కూర్చుని ప్రయాణించవలసి వస్తున్నందునను;

రైళ్లు ఆగని స్టేషన్ ఎంత అందంగా ఉన్నా బొమ్మగా మిగులుతుందని ఈ సభ నమ్ముతున్నందునను;

ఈ సభ ఏకగ్రీవంగా ఈ కింది విధంగా తీర్మానిస్తున్నది:

1. స్టేషన్‌లో చేపట్టే అభివృద్ధి పనుల్లో పాత కట్టడం ముఖభాగాన్ని, గుమ్మటాలను, కమానులను మార్చరాదు. మరమ్మతులను పాత కట్టడాల పని తెలిసిన మేస్త్రీలతోనే చేయించాలి.

2. పనుల పేరిట ఇక్కడి నుంచి బయలుదేరే రైళ్లను శాశ్వతంగా వేరే స్టేషన్లకు తరలించరాదు. తాత్కాలికంగా మార్చవలసి వస్తే తిరిగి తెచ్చే తేదీని ముందే ప్రకటించాలి.

3. మహబూబ్‌నగర్, గద్వాల, కర్నూలు వైపు వెళ్లే రైళ్లలో జనరల్ పెట్టెలు పెంచాలి. పండగలకు ప్రత్యేక రైళ్లు నడపాలి.

4. కేంద్ర మంత్రివర్గం 2023లో ఆమోదించిన మహబూబ్‌నగర్–డోన్ రెండో లైను పనులను త్వరగా ముగించాలి. ఒకే లైనుపై ఎదురు రైలు కోసం నిలిచే సమయం తగ్గితేనే కొత్త రైళ్లకు చోటు దొరుకుతుంది.

5. రాత్రి రైళ్ల కోసం వేచి ఉండే మహిళలకు, వృద్ధులకు తాగునీరు, శుభ్రమైన మరుగుదొడ్లు, భద్రత కల్పించాలి.

6. స్టేషన్ చరిత్రను తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు భాషల్లో తెలిపే ఫలకాన్ని ప్రధాన ద్వారం వద్ద ఏర్పాటు చేయాలి.

ఈ తీర్మానం ప్రతులను దక్షిణ మధ్య రైల్వే జనరల్ మేనేజరుకు, రైల్వే బోర్డుకు, ఈ రైళ్లు వెళ్లే మార్గంలోని పార్లమెంటు సభ్యులందరికీ పంపే బాధ్యతను కార్యదర్శికి అప్పగించడమైనది.

ప్రతిపాదన: కార్యదర్శి
బలపరచినవారు: కోశాధికారి
ఆమోదం: ఏకగ్రీవం
(సం.) అధ్యక్షులు