అమ్మ ఫోనులో ఉంది, మా ఆఫీసులో లేదు

దసరాకి నారాయణఖేడ్ వెళ్ళినప్పుడు అమ్మ ఫోన్ సెట్టింగ్స్ ఊరికే తిరగేశా. జియో వాడు ఐపీవీ6 అడ్రసు ఇచ్చాడు! హైదరాబాదులో మా ఆఫీసులోనేమో వీపీఎన్ కలవకపోతే "ముందు ఐపీవీ6 ఆపెయ్" అంటారు.

1995లో వచ్చిన ప్రోటోకాల్ ఇది. మన ఆసియా-పసిఫిక్‌లో పాత అడ్రసుల నిల్వ 2011లోనే అడుగంటింది. మరి అడ్డం ఎక్కడ? నెట్‌వర్క్ టీమ్‌ని తిట్టుకుంటూ మా కోడ్ తెరిస్తే, ఐపీ కాలమ్‌కి 15 అక్షరాలే. ఐపీవీ6 అడ్రసు పూర్తిగా రాస్తే 39. ఆ టేబుల్ చేసింది ఎవరో కాదు, నేనే!

మారుస్తానంటే మేనేజరు గారు "నడుస్తున్నదాన్ని కెలకడమెందుకు, క్లయింటు అడగలేదుగా" అన్నారు. నిజమే, అడగడు. అడిగిన రోజు టైమివ్వడు. కనీసం కొత్త టేబుళ్ళలోనైనా ఆ కాలమ్ పెద్దది పెడదాం. దానికి ఎవరి అప్రూవలూ అక్కర్లేదు కదా!