వణకని కెమెరా వెనక మనిషెవరు?

2025 నవంబరులో "శివ"ని 4కె లో మళ్ళీ విడుదల చేసినప్పుడు మా ఆఫీసు జనమంతా కట్టగట్టుకుని వెళ్ళాం. బయటికొచ్చాక టీ కొట్టు దగ్గర మామూలు చర్చే. 1989లోనే ఎంత ధైర్యమో, మన దేశంలో స్టెడీక్యామ్ ని తొలినాళ్ళలో వాడిన సినిమాల్లో ఇదొకటి, వర్మ కేక, గోపాలరెడ్డి గారి ఫోటోగ్రఫీ కేక... సరే, ఒప్పుకున్నా. నేను ఒక్క ప్రశ్న అడిగా. "ఆ స్టెడీక్యామ్ ని ఒంటికి కట్టుకుని నడిచినాయన పేరేంటి?"

ఒక్కడూ నోరు మెదపలేదు. కాసేపాగి ఒకడు "అది మెషీను కదరా" అన్నాడు. ఈ టపా వాడి కోసమే.

ముందు మెషీను సంగతే చూద్దాం. గారెట్ బ్రౌన్ అనే అమెరికన్ కెమెరామేన్ 1970లలో దీన్ని తయారుచేశాడు. 1976లో వచ్చిన "బౌండ్ ఫర్ గ్లోరీ", "రాకీ" సినిమాలతో లోకానికి తెలిసింది. ఒంటికి తొడుక్కునే ఒక కవచం, దానికి స్ప్రింగుల చెయ్యి, చేతి చివర ఒక కడ్డీ. కడ్డీకి పైన కెమెరా, కింద బ్యాటరీ, మానిటరు. బరువుని అలా దూరదూరంగా పంచేసరికి చిన్నచిన్న కుదుపులకి అది తిరగదు. ఇంజినీరింగు మొదటేడాదిలో బట్టీపట్టి పరీక్షరాసి మర్చిపోయిన మొమెంట్ ఆఫ్ ఇనర్షియా ఇదే :). స్ప్రింగుల చెయ్యి అడుగుల కుదుపుని మింగేస్తుంది. మా కొల్లేరు వైపు చేపల కావిడి మోసేవాళ్ళని చూసుంటే సగం అర్థమైనట్టే. బద్ద ఊగుతుంది, మోకాళ్ళు వంగుతాయి, బుట్ట మాత్రం తొణకదు.

ఇందులో గమనించాల్సిందేంటంటే, బ్రౌన్ చేసిన ఆ యంత్రంలో కెమెరాని తిప్పే మోటారే లేదు. ఎటు చూడాలి, ఎప్పుడు ఆగాలి, నటుడికి ఎంత దగ్గరగా వెళ్ళాలి, అన్నీ మోసేవాడి వేళ్ళూ కాళ్ళూ తేల్చాల్సిందే. గట్టిగా గాలొస్తే తెరచాపలా పక్కకి లాగేస్తుంది. దాన్నీ వాడే ఆపుకోవాలి.

"అదంతా పాతకాలం, ఇప్పుడు గింబల్ వచ్చింది కదా" అంటారు. వచ్చింది. మూడు మోటార్లు, సెన్సర్లు, లోపల మనబోటి ఎవడో రాసిన కోడు. కెమెరా పక్కకి వాలినా, కిందకీ మీదకీ వంగినా, అటూ ఇటూ తిరిగినా సరిచేస్తుంది. కానీ నడిచేటప్పుడు మనిషి మొత్తంగా పైకీ కిందకీ ఊగుతాడే, ఆ ఊపు ఆ మోటార్ల చేతిలో లేదు. అందుకే గింబల్ పట్టుకున్నవాళ్ళు మోకాళ్ళు వంచి బాతు నడక నడుస్తారు. ఫోన్లో ఉండేదైతే బొమ్మ అంచులు కత్తిరించి కుదుపు దాచేస్తుంది. కోడు రాసేవాడిగా చెప్తున్నా, వణుకుని తీసెయ్యడం ఫిల్టరు పని. ఎటు చూడాలన్నది ఫిల్టరుకి తెలీదు.

ఇది నాకు చెప్పింది మా బావ. మేనమామ కొడుకు, కలిదిండిలో ఫోటో స్టూడియో. పెళ్ళిళ్ళూ, ఓణీల ఫంక్షన్లూ తీస్తాడు. సంక్రాంతికి వెళ్ళినప్పుడు అడిగా, "బావా, నువ్వు నడుస్తూ తీసినవాటిల్లో బెస్టు షాటేది, చెత్త షాటేది?" అని. చెత్తది ముందు చెప్పాడు, క్షణం కూడా ఆలోచించకుండా.

"అప్పగింతలురా. గింబల్ కొత్తగా కొన్నా. పిల్ల చేతులు పాలల్లో ముంచి అత్తామావలకి అప్పగిస్తున్నారు. నేను సినిమాలోలాగా చుట్టూ రౌండు కొడుతున్నా, వెన్నలా వస్తోంది. మూడో రౌండులో పిల్ల తండ్రి నన్ను చూశాడు. ఏడుపు మింగేసుకుని, కండువాతో మొహం తుడుచుకుని, ఫోటోకి నిలబడ్డట్టు నిలబడ్డాడు. ఆయనకి ఉన్నది ఆ ఒక్క నిమిషం. దాన్ని నేను తినేశా. ఆ షాటు చూసే నాకు ఇంకో నాలుగు పెళ్ళిళ్ళు బుక్కయ్యాయి, తెలుసా?"

మరి మంచిది? పెళ్ళయిన మర్నాడు తెల్లారగట్ల, చేపల చెరువు గట్టు. పెళ్ళికూతురి కారు వెళ్ళిపోయాక నాయనమ్మ ఒక్కతే గట్టు మీద కొంతదూరం దాని వెనకాలే నడిచిందట. ఏరియేటర్ల హోరులో ఆవిడకి వీడి అడుగుల చప్పుడు వినబళ్ళేదు. "ఆవిడ ఆగితే నేనాగా, నడిస్తే నడిచా. గాలికి ఒకచోట కెమెరా ఊగింది కూడా. అయినా అదే బెస్టు."

పదో తరగతి చదివిన పెళ్ళి వీడియోల మనిషి రెండు నిమిషాల్లో చెప్పిన ఈ మాట, మన సినిమా ఇంటర్వ్యూల్లో ఎన్నిసార్లు విన్నారు మీరు? "24 క్రాఫ్ట్స్" అని మైకులో అరవడమే గానీ, స్టెడీక్యామ్ ఆపరేటరు పేరు చివర్లో, హాల్లో లైట్లు వేశాక, చీమల బారులా పోయే అక్షరాల్లో ఉంటుంది. స్టేజి మీద ప్రతివాడికీ ప్రతి షాటూ అద్భుతమే. చెత్త షాటు గురించి చెప్తే వచ్చే అవకాశం పోతుందని భయం. ఆ భయం వాళ్ళ తప్పు కాదు, అడగని మనదీ, చెప్పనివ్వని వాళ్ళదీ.

"ఆపరేటరంటే డైరెక్టరు చెప్పింది చేసేవాడే కదా?" అంటారా? "రష్యన్ ఆర్క్" ఒకసారి చూడండి. 2001 డిసెంబరు 23న, హెర్మిటేజ్ మ్యూజియంలో, 33 గదుల గుండా, సినిమా మొత్తం ఒకే షాటు. మూడుసార్లు మధ్యలో ఆగిపోయింది, నాలుగోసారి పూర్తయింది. ఆ బరువంతా మోసింది టిల్మన్ బ్యూట్నర్. దర్శకుడు సొకురొవ్ ఎంత గొప్పవాడైనా బ్యూట్నర్ నడుం నెప్పిని స్క్రిప్టులో రాయలేడు కదా. గారెట్ బ్రౌన్ సంగతి చూడండి. కుబ్రిక్ తీసిన "ద షైనింగ్" (1980)లో తనే కెమెరా మోశాడు. కుబ్రిక్ తీసిందే పదేపదే తీయిస్తుంటే తన ఆపరేటింగ్ ఎలా పదునెక్కిందో అదే ఏడాది "అమెరికన్ సినిమాటోగ్రాఫర్" పత్రికలో వ్యాసం రాశాడు. తర్వాత ఆపరేటర్లకి శిక్షణ తరగతులు పెట్టాడు. అలా రాసుకున్నారు గనకే ఆ విద్య ఒకడి ఒంట్లోంచి ఇంకొకడి ఒంట్లోకి వెళ్ళింది.

మా వృత్తిలో అర్ధరాత్రి సర్వరు పడిపోతే మర్నాడు పోస్ట్‌మార్టం రాస్తాం. ఎవడు చేశాడని కాదు, ఎలా జరిగిందని. అలా రాయని టీములో అదే బగ్గు మళ్ళీ మళ్ళీ వస్తుంది. మన సినిమాల్లో వస్తున్న బగ్గేంటో మీకూ తెలుసు. హీరో కారు దిగితే చుట్టూ రౌండు, హీరోయిన్ ఏడిస్తే చుట్టూ రౌండు, విలన్ చుట్ట కాలిస్తే చుట్టూ రౌండు. అంతా నున్నగానే ఉంటుంది. ఆ రౌండు ఎందుకని మాత్రం ఎవరూ అడగరు. దాన్ని మోసినవాడికి జవాబు తెలిసే ఉంటుంది, మా బావకి తెలిసినట్టే.

నేనడిగేది పెద్దదేం కాదు. ఆ పేరు మొదటి టైటిల్సులో ఒక్క రెండు సెకన్లు వెయ్యండి. ఇంటర్వ్యూలు చేసేవాళ్ళు "హీరోతో మీ అనుభవం" మానేసి, "మీరు మళ్ళీ తియ్యాలనుకునే షాటేది" అని అడగండి. ఇక మనం, లైట్లు వెయ్యగానే లేచిపోకుండా ఆ అక్షరాలు అయ్యేదాకా కూర్చుందాం.

ఇది చదివేవాళ్ళలో కెమెరా మోసినవాళ్ళు ఉంటే, పెళ్ళికైనా సరే సినిమాకైనా సరే, మీ చెత్త షాటు గురించి కింద రాయండి. మంచిది తర్వాత అడుగుతా.