కంటి జబ్బును ముందే చెప్పే ఏఐ: స్కోర్ సరే, ఫాల్స్ అలారం సంగతేంటి?

కొత్త ఫోన్ వస్తే బెంచ్‌మార్క్ స్కోర్ చూసి ఆగిపోం కదా. అరగంట గేమ్ ఆడి, ఎంత వేడెక్కుతుందో చూస్తాం. కానీ "డాక్టర్లను మించిన ఏఐ" అని హెడ్‌లైన్ పడితే చాలు, చదవకుండానే షేర్ కొట్టేస్తాం.

2020లో నేచర్ మెడిసిన్ జర్నల్‌లో వచ్చిన పేపర్‌నే తీసుకోండి. గూగుల్ గ్రూప్‌లోని డీప్‌మైండ్, లండన్‌లోని మూర్‌ఫీల్డ్స్ కంటి ఆసుపత్రితో కలిసి చేసిన పని అది. వయసు పైబడ్డాక రెటీనా మధ్య భాగం దెబ్బతినే జబ్బుని ఏఎండీ అంటారు. ఇందులో వెట్ రకం చాలా వేగంగా చూపు తీసేస్తుంది. రెటీనా కింద కొత్త రక్తనాళాలు పుట్టి లీకవుతాయి. ఎదుటి మనిషి చెవులు కనిపిస్తాయి గానీ ముఖం కనిపించదు. కంట్లోకి ఇచ్చే ఇంజెక్షన్లతో అదుపు చేయొచ్చు, కానీ ఆలస్యమైతే పోయిన చూపు పూర్తిగా తిరిగి రావడం కష్టం. అందుకే, ఒక కంటికి వెట్ వచ్చిన 2,795 మంది స్కాన్‌లు తీసుకుని, రెండో కంటికి వచ్చే 6 నెలల్లో వస్తుందా అని మోడల్‌తో చెప్పించారు.

ఇవి మామూలు ఫొటోలు కావు, ఓసీటీ స్కాన్‌లు. కాంతిని పంపి, వెనక్కి వచ్చిన దాన్ని బట్టి రెటీనా పొరల్ని 3డీలో గీస్తాయి. ఒక్కో స్కాన్‌లో దాదాపు 5.8 కోట్ల వోక్సెల్స్. (మన ఫోన్‌లో ఎన్ని మెగాపిక్సెల్స్ ఉన్నా ఆ లోతు దానికి అందదు. "ఫోన్ కెమెరాతో ఏఎండీ చెక్" అనే యాప్ కనిపిస్తే అనుమానించండి.)

ఫలితం? 6గురు నిపుణులతో పోలిస్తే మోడల్ 5గురి కంటే మెరుగ్గా చెప్పింది. హెడ్‌లైన్ అక్కడితో అయిపోతుంది. అసలు స్పెక్ దాని కింద ఉంది: ఒక సెట్టింగ్‌లో సెన్సిటివిటీ 80 శాతం, స్పెసిఫిసిటీ 55 శాతం. ఇంకో సెట్టింగ్‌లో 34, 90.

ఉదాహరణకి 1,000 స్కాన్‌లలో 100 నిజంగా వెట్‌గా మారేవే అనుకుందాం. మొదటి సెట్టింగ్‌లో 80 దొరుకుతాయి, కానీ 405 తప్పుడు అలారాలు మోగుతాయి. రెండో దాంట్లో తప్పుడు అలారాలు 90కి తగ్గుతాయి, దొరికేవి కూడా 34కి పడిపోతాయి. మిగతా 66 మిస్!

ఏది మంచిదంటే, అలారం మోగాక ఏం చేస్తాం అన్నదాన్ని బట్టి ఉంటుంది. పేషెంట్‌ని నాలుగు వారాలు ముందుగా స్కాన్‌కి పిలవడమే అయితే మొదటి సెట్టింగే నాకు నచ్చుతుంది. నష్టం ఓ పూట టైమ్, కంట్లో చుక్కల మందు, అంతే. అదే ముందు జాగ్రత్తగా ఇంజెక్షన్ ఇస్తామంటే మాత్రం, 405 కళ్లలోకి ఊరికే సూది దించినట్టు. సాఫ్ట్‌వేర్‌లో థ్రెషోల్డ్ మార్చడం ఒక్క లైన్ కోడ్. ఆ లైన్‌ని మనలాంటి ఇంజనీర్లు కాదు, సూది పట్టుకునే డాక్టర్, కన్ను చూపించే పేషెంట్ కలిసి తేల్చాలి.

ఈలోగా ఇంట్లో ఎవరికైనా ఏఎండీ ఉంటే, ఆమ్‌స్లర్ గ్రిడ్ అనే గళ్ల కాగితం ఫ్రిజ్‌కి అంటించండి. చదివే కళ్లద్దాలు పెట్టుకుని, ఒక కన్ను మూసి, మధ్య చుక్కని చూడమనండి. తర్వాత రెండో కన్ను. గీతలు కొత్తగా వంకరపోతే వెంటనే కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. తిన్నగా ఉన్నా సరే, డాక్టర్ ఇచ్చిన స్కాన్ డేట్ మాత్రం దాటేయొద్దు.