పదమూడు వేల ఎలుక

వినాయకుడి వాహనమన్న మర్యాద ఒక్కటి తీసివేస్తే, మన ఇళ్లలో ఎలుకకు యెన్నడూ గౌరవం లేదు. బోను కొంటాం గాని ఎలుకను కొనం. అటువంటిది ఇప్పుడు ఇంటింటా ఒక ఎలుక, అంటే కంప్యూటరు మౌసు, దర్జాగా బల్ల యెక్కి కూర్చున్నది. పైగా ఎలుకల్లోనూ జమీందారీ ఎలుకలు బయలుదేరాయి. ఒక్కొక్కటి పది వేలు, పదిహేను వేలు! వాటిని గేమింగు మౌసులంటారు. కుర్రవాళ్లున్న ఇంట్లో ఈ మాట ఇవాళ కాకపోతే రేపైనా వినబడక మానదు. తండ్రీ కొడుకులు కీచులాటకు దిగకముందే సంగతేమిటో తీరిగ్గా చూసుకుంటే మంచిది గదా అని ఈ వారం దాన్ని ఎత్తుకున్నాను. తెలుగు మేష్టారికి ఈ గొడవ యెందుకంటారా? మా చుట్టాల్లో ఇటువంటివి ఓపిగ్గా చదివి విడమరిచి చెప్పే తీరుబడి వున్నవాణ్ణి నేనొక్కణ్ణే దొరికాను మరి.

మా చెల్లెలు కాపురం భూపాలపల్లిలో. బావగారికి సింగరేణిలో, భూగర్భ గనిలో పని. మేనల్లుడు ఇంజనీరింగు రెండో సంవత్సరం. వాడికి వాలొరెంట్ అనే తుపాకుల ఆటమీద మహా మోజు. కాలేజీ జట్టులో చోటు దొరికిందట. జట్టులో తక్కిన నలుగురి చేతుల్లోనూ అరవై గ్రాముల, తీగ లేని మౌసులున్నాయట. తనకూ అదే కావాలి; ఖరీదు 13,000 రూపాయలు. ఆ డబ్బు మా చెల్లెలు చిట్టీ పాడి దాచుకున్నదాంట్లోంచి రావాలి. ఆ చిట్టీ యేమో చిన్నపిల్లకు హనుమకొండ హాస్టలు ఫీజు కోసం పాడింది.

"ఏందన్నా ఇది? ఎలుకకు పదమూడు వేలా? రెండు మేకలొస్తయి గదా!" అన్నది చెల్లెలు ఫోనులో. అంతలో మేనల్లుడు ఫోను లాక్కున్నాడు. "మామా, గనిల నాన్నకు క్యాప్ లాంప్ ఎట్లనో నాకు మౌస్ అట్ల. నువ్వన్నా చెప్పు!"

కొట్టిపారేయదగ్గ మాట కాదిది. మా జనగామ పక్కనే పెంబర్తి వున్నది. అక్కడ ఇత్తడి రేకుమీద నగిషీ చెక్కే పనివాళ్ల చేతిలో వుండే ఉలి, సుత్తి చూడండి. ఆ పనిముట్టు బరువూ, పట్టూ ఆ చేతికి తెలిసినట్టు మరో చేతికి తెలియవు. పనిముట్టు మంచిది కావాలన్న కోరికను దుబారా అని తీసిపారేసే హక్కు మనకు లేదు. అడగవలసిందల్లా ఒక్కటే. ఆ హెచ్చు డబ్బు పోసినందుకు పనిలో యే లోపం తీరుతుంది?

ముందు దీని పుట్టుక కొంచెం చెప్పుకుందాం. అమెరికాలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే ఆయన ఊహించగా, బిల్ ఇంగ్లీష్ అనే సహచరుడు 1964లో ఒక చెక్క డబ్బాకు రెండు చక్రాలు బిగించి మొదటి మౌసును తయారు చేశాడు. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో దాన్ని పదిమందికీ చూపించారు. తీగ తోకలా వేలాడుతున్నది గనుక ఆ పేరు వచ్చింది. ఇవాళ పదమూడు వేల ఎలుకకున్న గొప్పల్లో ముఖ్యమైనది, ఆ తోక లేకపోవడమే!

చక్రాలు పోయి బంతి వచ్చింది. బంతీ పోయి కెమెరా వచ్చింది. ఇప్పటి మౌసు అడుగున ఒక బుల్లి కెమెరా వుండి, బల్ల బొమ్మలను సెకనుకు వేలకొద్దీ తీసి, ఒకదానితో ఒకటి పోల్చి, చెయ్యి యెటు యెంత జరిగిందో లెక్క కడుతుంది. అట్టపెట్టె మీద అన్నిటికన్నా పెద్ద అక్షరాలతో వేసే డీపీఐ అన్న అంకె ఈ లెక్కకు సంబంధించిందే. చెయ్యి అంగుళం జరిగితే మౌసు దాన్ని ఎన్ని భాగాలుగా లెక్కపెడుతుందో ఆ అంకె చెబుతుంది. మామూలు తెర అడ్డంగా 1,920 చుక్కలు. మౌసును 1,600 దగ్గర పెడితే, చెయ్యి సుమారు అంగుళం పావు జరిగేసరికి బాణం గుర్తు తెర ఈ చివరినుంచి ఆ చివరికి పోతుంది. ఖరీదైనవి 30,000 అని చాటుకుంటాయి. అక్కడ పెడితే ఒకటిన్నర మిల్లీమీటరు జరిగితే చాలు. తుమ్మితే బాణం గోడ దూకుతుంది! పందేల్లో ఆరితేరిన ఆటగాళ్లు సాధారణంగా 400, 800, 1,600 దగ్గరే పెట్టుకుంటారు. రెండు వేల రూపాయల మౌసులోనూ ఆ అంకెలు వున్నాయి. అంచేత డీపీఐ చూసి డబ్బివ్వడమంటే, గంటకు రెండువందల మైళ్లు పోతుందని మోటారు సైకిలు కొని కూరగాయల సంతకు వెళ్లడం లాంటిది.

రెండో గొప్ప వేగం. మామూలు ఆఫీసు మౌసు సెకనుకు 125 సార్లు, అంటే 8 మిల్లీసెకండ్లకు ఒకసారి, తానెక్కడున్నదీ కంప్యూటరుకు కబురు చేస్తుంది. గేమింగు మౌసు 1,000 సార్లు చేస్తుంది. కొత్తగా 8,000 సార్లు చేసేవీ వచ్చాయి. ఎనిమిది మిల్లీసెకండ్లు ఒకటికి దిగితే ఆటలో కొంత ప్రయోజనం వున్నమాట నిజం. అక్కడినుంచి 8,000కు పోతే మిగిలేది ఒక మిల్లీసెకండు కూడా కాదు. మామూలు లాప్‌టాపు తెర సెకనుకు 60 బొమ్మలే వేస్తుంది, బొమ్మకూ బొమ్మకూ నడుమ పదహారు మిల్లీసెకండ్ల పైమాటే. కంటితో చూసి వేలు నొక్కడానికి మన శరీరం తీసుకునే వ్యవధి రెండువందల మిల్లీసెకండ్లకు అటూ ఇటూ. కబురు క్షణంలో వచ్చి వాకిట నిలబడినా, తలుపు తీసేవాడు తీరిగ్గా వస్తే యేం లాభం?

మేనల్లుణ్ణి మూడు ప్రశ్నలడిగాను. నీ తెర సెకనుకు ఎన్ని బొమ్మలు వేస్తుంది? అరవై. ఆటకు ఇంటర్నెట్ యెక్కణ్ణుంచి? ఫోను హాట్‌స్పాటు నుంచి. ఒక క్షణం నలభై మిల్లీసెకండ్లు, మరుక్షణం నూట యాభై. ఇప్పుడున్న మౌసుకు వచ్చిన జబ్బేమిటి? యెడమ మీట ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతున్నది.

ఈ మూడో సమాధానమే అసలైనది. మీట కింద చిన్న రాగి రేకు వుంటుంది. అది అరిగిందంటే ఆనేటప్పుడు వణికి, ఒక నొక్కును రెండుగా చూపుతుంది. తుపాకీ ఆటలో అది పెద్ద లోపమే. కనుక వాడికి కొత్త మౌసు అవసరమే. కాకపోతే 13,000లో హెచ్చు భాగం పోయేది తేలికదనానికీ, ఆలస్యం లేని తీగలేనితనానికీ. తేలికదనం వట్టి మాట కాదు. రోజుకు నాలుగేసి గంటలు ఎత్తి కుదేసే చేతికి నలభై గ్రాముల తేడా బాగానే తెలుస్తుంది. తెర 144 రకందై, ఇంటర్నెట్ తీగ గుండా నిలకడగా వస్తూ, వాడు పోటీలలో ముందుకు పోతున్నట్లయితే కొనమనే చెప్పేవాణ్ణి. ఇప్పుడున్న స్థితిలో వద్దన్నాను. తీగ వున్నది, 85 గ్రాములది, 1,800 రూపాయలలో మంచి కంపెనీదే వస్తుంది.

బావగారి భయం మరొకటి. ఆటలంటే పందేలేమో, ఇల్లు గుల్లవుతుందేమోనని. అందులో తప్పు పట్టడానికి లేదు. అయితే డబ్బు ఒడ్డి ఆడే ఆన్‌లైను ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను మాత్రం వేరుగా గుర్తించింది. మావాడిది రెండో రకం. వాడు పోగొట్టేది డబ్బు కాదు, నిద్ర.

మౌసు పద్దెనిమిది వందలదే వచ్చింది. మిగిలింది హాస్టలుకు కట్టారు. మేనల్లుడు నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. అయిదోనాడు ఫోనులో ఒక ప్రశ్న పంపాడు: "మామా, 144 తెర ఎంతుంటది?"

కొనేవాళ్లకు ఒక మాట. వీలైతే చేత్తో పట్టుకుని చూడకుండా కొనకండి. అరచెయ్యంతా ఆనించేవాళ్లుంటారు, వేళ్లు వంచి పట్టేవాళ్లుంటారు, వేలికొసలతోనే నడిపేవాళ్లుంటారు. ఒకరికి హాయైన ఆకారం మరొకరికి బాధ. జనగామలో రైలెక్కితే సికిందరాబాదు యెంత దూరం? పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటరు నిండా కంప్యూటరు దుకాణాలే. బిల్లు అడిగి పుచ్చుకోండి. హామీ కాగితం ఒక యేడాదికా, రెండేళ్లకా చూసుకోండి.

నిజానికి మంచి మౌసు కావలసినవాడు నాకు మహబూబాబాదులో కనిపించాడు. మా పాత శిష్యుడు, మీసేవా కేంద్రం నడుపుతున్నాడు. రోజుకు తొమ్మిది గంటలు మౌసు మీదనే చెయ్యి. రెండువందల యాభై రూపాయలది కొంటాడు, నాలుగు నెలలకు మీట చెడుతుంది, మరొకటి కొంటాడు. ఒకసారి నొక్కింది రెండుసార్లు పడి, దరఖాస్తుకు రెండుసార్లు ఫీజు కట్టిన రోజులూ వున్నాయి. మణికట్టు నొప్పి కూడా పట్టుకున్నది. నొప్పికి డాక్టరుకు చూపించుకోమన్నాను. మౌసు మాత్రం కాస్త పెద్దది, చేతికి నిండుగా వుండేది, మీటలో రేకుకు బదులు వెలుతురుతో పనిచేసేది తీసుకోమన్నాను. అందులో రేకుల రాపిడి లేదు గనుక ఆ జబ్బూ రాదు. అది గేమింగు రకంలోనే దొరుకుతుంది, 3,200 రూపాయలు.

"నేనేమన్న ఆటలాడుతున్ననా సార్?" అన్నాడు. కాగితం తీసి లెక్క వేశాం. ఇప్పుడతను యేడాదికి మూడు మౌసులకు పెట్టేది 750 రూపాయలు, నెలకు అరవై పైచిల్లర. కొత్తది హామీ వున్న రెండేళ్లే పనిచేసిందనుకున్నా నెలకు నూట ముప్ఫై చిల్లర. తేడా డెబ్బై రూపాయలు. రెండుసార్లు పడ్డ ఒక్క దరఖాస్తు ఫీజుతో సరి.

కొన్నాడు. దానికి ఏడు రంగుల దీపాలున్నాయి, గుండ్రంగా తిరుగుతూ వెలుగుతాయి. మూడోనాడు ఫోను చేసి, "సార్, ఈ లైట్లు ఆర్పుడెట్ల? ఆదాయం సర్టిఫికెట్ల కోసం వచ్చినోళ్లు కాగితాలిచ్చుడు మర్సిపోయి దీన్నే చూస్తున్నరు" అన్నాడు.