ఎట్టప్పన్ ఎవరు? మనం ఎవరం?



పోయిన నెల ఒక మిల్లు గేటు దగ్గర జరిగిన సంగతి మీలో చాలామందికి తెలుసు. మనవాళ్లు బోనస్ కోసం గేటు ముందు కూర్చుని ఉంటే, కాంట్రాక్టరు వ్యాను ఒడిశా కుర్రాళ్లను ఎక్కించుకుని లోపలికి పోయింది. మనవాళ్లలో ఒకడు వ్యాను రేకు మీద చేత్తో కొడుతూ "ఎట్టప్పన్ గాళ్లారా!" అని అరిచాడు. మిగతావాళ్లు చప్పట్లు కొట్టారు. లోపలున్న కుర్రాళ్లకు ఆ మాట అర్థం కాలేదు. గేటు దగ్గర నిలబడ్డ మేనేజరుకు బాగా అర్థమైంది. నవ్వుకుంటూ లోపలికి పోయాడు.

ఆ నవ్వు ఎందుకో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

1959లో శివాజీ గణేశన్ 'వీరపాండియ కట్టబొమ్మన్' వచ్చాక ఎట్టప్పన్ అంటే ద్రోహి అని ఊరూరా స్థిరపడిపోయింది. ద్రోహం జరగలేదని మేము అనడం లేదు. 1799లో కంపెనీ సైన్యం పాంచాలంకుర్చి మీదికి వచ్చినప్పుడు ఎట్టయపురం పాళెగాడు కంపెనీ పక్షాన నిలబడ్డాడు. ఆ ఏడు అక్టోబరు 16న కట్టబొమ్మన్‌ను మన కోవిల్‌పట్టికి దక్షిణాన కయత్తారులో ఉరి తీశారు. తెల్లవాడికి తల వంచనివాడికి మేమూ దండం పెడతాం. కానీ ఆ కథలో కూలివాడు ఎక్కడున్నాడని ఏ సినిమా అడగలేదు. మనం అడగాలి.

ఇద్దరు పాళెగాళ్ల ఇళ్లలోనూ మాట్లాడింది మన తెలుగే. ఇద్దరూ కంబళం వాళ్లే. ఇద్దరి మధ్యా సరిహద్దు ఊళ్ల తగాదా ఉండేది. ఈ కరిసల్ నేలలో పాళెగాడి రాబడిలో కావలి సొమ్ము ఒక పెద్ద భాగం. పంటనూ పశువులనూ కాసినందుకని ఊళ్ల దగ్గర వసూలు చేసేవారు. మందలు తోలుకుపోవడం ఎంత మామూలంటే, పోయిన పశువును వెనక్కి ఇప్పించినందుకు తీసుకునే సొమ్ముకు 'తుప్పుకూలి' అని ఒక పేరే ఉండేది. చీకట్లో మందను తోలింది, బల్లెం పట్టుకున్నది, పోటు తిన్నది ఎవరు? కాస్త మాన్యానికో పూటగంజికో కుదిరిన బంటు.

1801లో ఊమైత్తురై జైలు నుంచి తప్పించుకుని కోటను మళ్లీ లేపాడు. మే నెలలో అది కూలింది. గోడ లోపల చచ్చినవాళ్లు కూలి బంట్లే. గోడ బయట కంపెనీ పక్కన నిలబడ్డ ఎట్టయపురం మనుషులూ కూలి బంట్లే. ఆ తర్వాత పాంచాలంకుర్చి భూములు చాలావరకు ఎట్టయపురానికి, మణియాచ్చికి పోయాయి. 1803లో మిగిలిన పాళెగాళ్లు శాశ్వత జమీందార్లయ్యారు. బంటు చేతిలో మాత్రం బల్లెం కూడా మిగల్లేదు. 1801 డిసెంబరులోనే కంపెనీ ఆయుధాలన్నీ లాగేసింది.

అంతటితో అయిందా? 1997లో మన విరుదునగర్ జిల్లాలో కొత్త రవాణా సంస్థకు కట్టబొమ్మన్ సేనాని, దళితుడైన సుందరలింగం పేరు పెట్టారు. ఆ పేరున్న బస్సు ఎక్కమని కొందరు మొండికేశారు. అల్లర్లు రేగాయి, ప్రాణాలు పోయాయి. చివరికి ప్రభుత్వం రవాణా సంస్థలకూ జిల్లాలకూ ఉన్న నాయకుల పేర్లన్నీ తీసేసింది. దొర కోసం ప్రాణమిచ్చినవాడి పేరు 2 శతాబ్దాల తర్వాత ఒక బస్సు మీద కూడా నిలవనివ్వలేదు.

ఇది మన ఊరి కథ మాత్రమే అనుకోకండి. చిన్నప్పుడు టూరింగ్ టాకీసులో జైశంకర్ కౌబాయ్ సినిమాలు చూసి మనమంతా ఈలలు వేసినవాళ్లమే. అసలు కౌబాయ్ ఎవరు? నెలజీతానికి ఇంకొకడి పశువుల్ని కాసే దేశదిమ్మరి కూలివాడు. 1883లో టెక్సాస్‌లో కౌబాయ్‌లు నెలకు 50 డాలర్లు కావాలని సమ్మె కట్టారు. యజమానులు పని లేక తిరుగుతున్న వేరే కౌబాయ్‌లను పెట్టుకున్నారు. రెండు మూడు నెలల్లో సమ్మె చెదిరిపోయింది. 1892లో వయోమింగ్‌లో పెద్ద పశు యజమానులు చిన్నవాళ్లను వెళ్లగొట్టడానికి టెక్సాస్ నుంచి రోజుకు 5 డాలర్లకు తుపాకీ మనుషుల్ని తెచ్చారు. వాళ్లు చుట్టుముట్టి చంపిన నేట్ చాంపియన్ కూడా టెక్సాస్ నుంచి వచ్చిన కౌబాయే. జనం తిరగబడితే యజమానుల్ని కాపాడ్డానికి సైన్యం వచ్చింది. కేసు వీగిపోయింది. ఒక్కడికీ శిక్ష పడలేదు.

ఇప్పుడు ఆ వ్యాను దగ్గరికి రండి. ఆ కుర్రాళ్లు ఎట్టప్పన్‌లా? ఎట్టప్పన్‌కు పాళెం ఉంది, కోట ఉంది, లాభం ఉంది. ఈ కుర్రాడికి ఉన్నది హాస్టల్లో ఒక చాప, ఒక ట్రంకు పెట్టె. "వాళ్లొచ్చాకే మన కూలి పడిపోయింది" అంటారు. కూలి తగ్గించింది వాళ్లను తెచ్చినవాడు. ఆ లెక్క వాడి పుస్తకంలో ఉంటుంది. కోపం అక్కడికి పోవాలి.

మేమూ ఈ తప్పు చేసినవాళ్లమే. రింగు ఫ్రేముల దగ్గర పనిచేసే వయసులో, ఒక సమ్మెలో, బదిలీ కార్మికులను ఇదే తిట్టు తిట్టి తరిమాం. ఒకడి టిఫిన్ క్యారియర్ లాక్కుని రోడ్డు మీద పారబోశాం. అందులో ఉన్నది సజ్జగంజి. మా ఇంట్లో పొద్దున తాగి వచ్చిందీ అదే. సమ్మె ఓడిపోయింది. ఆ బదిలీలలో ఒక్కడు కూడా తర్వాత మన సభ్యత్వ రసీదు తీసుకోలేదు. ఎందుకు తీసుకుంటాడు?

ఇంకో దారి ఉందని చూపించిందీ ఈ నేలే. పాంచాలంకుర్చి పక్కన ఒట్టపిడారంలో 1872లో వి.ఓ. చిదంబరం పిళ్లై పుట్టారు. ఎట్టయపురంలో 1882లో సుబ్రహ్మణ్య భారతి పుట్టారు. ఆ రెండు పాళేల బిడ్డలు ప్రాణస్నేహితులయ్యారు. 1908 ఫిబ్రవరిలో తూత్తుకుడి కోరల్ మిల్లు కార్మికులు సమ్మెకు దిగితే చిదంబరం, సుబ్రహ్మణ్య శివ ముందు నిలిచారు. భారతి తన 'ఇండియా' పత్రికలో వాళ్ల పక్షాన నిలబడ్డారు. మార్చి మొదట్లోనే కార్మికులు గెలిచారు. కూలి పెరిగింది, ఆదివారం సెలవు వచ్చింది. దానికి చిదంబరం జైలులో గానుగ లాగి మూల్యం చెల్లించారు.

కాబట్టి మా మాట ఇది. గేటు దగ్గర ఆ తిట్టు ఇక వినపడకూడదు. హాస్టల్ కుర్రాళ్లు ఆదివారం బజారుకు వచ్చినప్పుడు టీ ఇప్పించి పలకరించండి. వాళ్ల కూలి ఎంతో, కాంట్రాక్టరు ఎంత కోస్తాడో అడిగి రాసుకురండి. ఒడియా, హిందీలో కరపత్రం వేద్దాం. ఒకే పనికి ఒకే కూలి అన్న డిమాండు వాళ్ల పేరు మీద కూడా పెడదాం. ఆ వ్యాను గేటు బయటే ఆగిన రోజున మేనేజరు నవ్వుతాడేమో చూద్దాం.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!